ఆ ముడి దేనికి వేసుకున్నానో

మైదుకూరు,
జూన్ 18

అన్నా,

ఫోన్ చేయకుండా జాబు రాస్తాందేమబ్బా అనుకుంటావు. ఫోన్లో నువ్వు నన్ను మాట్లాడనియ్యవు. నేను ఒక మాట మొదలుపెట్టేలోపల దానికి మూడు జవాబులు చెప్పి, నాలుగో జవాబుకు పుస్తకం పేరు చెప్తావు. అంతలోకి నేను అడగాలనుకుంది గాలికి పోతాది. కాగితమైతే మధ్యలో అడ్డం రాలేవు గదా. మూడు దినాల నుంచి రాస్తాండా ఇది. ఇంకు రంగు మారిండేది చూసి నవ్వొద్దు, పెన్నులు యాడ పెడతానో నాకే తెలీదు.

సంగతేందంటే, శ్రావణిని కడపలో డాక్టరమ్మకు చూపించినాం. పదకొండేండ్ల పిల్ల. బళ్ళో టీచరమ్మ ఒకటే పోరు, మీ పాప బెంచీ మీద ఉంటాది, పాఠంలో ఉండదు అని. డాక్టరమ్మ శానాసేపు ప్రశ్నలడిగింది. ఒక పని మొదలుపెట్టి ఇంకో పనిలో పడుతుందా? అవునమ్మా, పొయ్యి మీద పాలు పెట్టి మిషన్ కాడ కూర్చుంటే అంతే. వస్తువులు పారేసుకుంటుందా? కత్తెర మెడలోనే తగిలించుకొని ఇల్లంతా వెతుకుతానమ్మా. డాక్టరమ్మ పెన్ను పక్కనపెట్టి నా మొగం చూసింది. "అమ్మా, మీరు చెప్పేది పాప గురించా, మీ గురించా?"

నాకు ఏడుపు ఆగల్యా అన్నా. ఎందుకొచ్చిందో కూడా తెలీదు.

ఏడీహెచ్‌డీ అంట దాని పేరు. శ్రావణికి ఉందని తేల్చినారు. పెద్దోళ్ళకూ ఉంటాదంట. నన్ను కూడా పరీక్ష చేస్తానంది. అయితే చిన్నప్పటినుంచే ఉందా అనేది చూడాలంట. పన్నెండేండ్లలోపు నన్ను దగ్గరగా చూసిన మనిషి ఒకరు ఫారం నింపియ్యాల. నాయన పోయి తొమ్మిదేండ్లు, అమ్మ పోయి నాలుగు. మిగిలింది నువ్వే. నాకు పరాకమ్మ అని పేరు పెట్టిందే నువ్వు, నీకన్నా పెద్ద సాక్షి యాడ దొరుకుతాడు? ఇప్పటికీ గుర్తుకోసం కొంగుకు ముడి వేసుకుంటా. సాయంత్రానికి ముడి ఉంటాది, దేనికో ఉండదు. చిన్నప్పుడు జడ రిబ్బన్లకు వేసుకునేదాన్ని, జ్ఞాపకం ఉండాదా?

మీ బావ మాత్రం రోగం లేదు ఏం లేదు, పొగరు అంటాడు. కావచ్చు. నేను సోమరిదాన్నా, లెక్కలేనిదాన్నా, లేకుంటే నా తలకాయే అట్లా ఉండాదా, ఇది తేలాల నాకు. నలభై నాలుగేండ్లు వచ్చినాయి.

ఇంకోటి. శ్రావణి ప్రవేశపరీక్ష హాల్‌టికెట్ పారేసుకున్న దినం నా చెయ్యి లేసింది. బట్ట కొలిచే బద్దతో కొట్టినా. కొట్టేటప్పుడు ఏమన్నానో నీకు రాయలేను.

ఫారం ఇందులోనే పెట్టినా. పెట్టినా అనే అనుకుంటాండా, చూసుకో.

నీ చెల్లెలు
తనూజ

*

కర్నూలు,
జూన్ 29

తనూజకు,

ఫారం ఉంది. నింపను.

కోపం తెచ్చుకునే ముందు మొత్తం చదువు. ఇరవై ఏడేళ్ళుగా జూనియర్ కాలేజీలో చరిత్ర చెబుతున్నాను. అరవై మందిని ఒక రేకుల గదిలో కుక్కి, ఏప్రిల్ ఎండలో కర్నూలు ఎట్లుంటుందో నీకు చెప్పక్కర్లేదు, కదలకుండా కూర్చో, కదిలితే నీలో లోపముంది అనే వ్యవస్థ ఇది. ఎవడు కనిపెట్టాడు ఈ బెంచీని, ఈ గంటను? పిల్ల బెంచీకి సరిపోకపోతే బెంచీని అనుమానించాలి గాని పిల్లను కాదు. ఈ మాట నేను రాసి రాసి నా పత్రికకు ఉన్న నాలుగు వందల మంది చందాదారులకూ విసుగొచ్చింది. సొంత చెల్లెలికి మాత్రం ఎక్కలేదు!

మొదట పేరు పెడతారు. పేరు వెనకనే మాత్ర వస్తుంది. మాత్ర వెనక కంపెనీ ఉంటుంది. మన తాతలకు లేని జబ్బు మనకు ఎక్కడి నుంచి ఊడిపడింది?

ఇక నీ సంగతి. పొద్దున అయిదుకు లేచి వంట, ఆ తర్వాత మిషను, మధ్యలో గిరాకీలు, కూతురి బడి, మొగుడి కాఫీ. ఇన్ని చేసే మనిషి పాలు పొంగబెట్టకపోతేనే వింత. నీకు కావలసింది డాక్టరు కాదు, పాలగిన్నె దించే మొగుడు. ఈ ఉత్తరం బావకు చూపించు, నాకేం భయం లేదు.

పాపను కొట్టావని రాశావు. తప్పు. పిల్లల మీద చెయ్యెత్తడం గురించి నేను వేసిన చిన్న పుస్తకం పంపుతున్నాను, చదువు.

చిన్నప్పటి సంగతులు తవ్వడం వల్ల ఎవరికీ ఏ ఉపయోగమూ లేదు. నువ్వు మామూలుగానే ఉండేదానివి.

— ఓబుళేశు

*

మైదుకూరు,
రాసింది జూలై 6. పోస్టు చేసింది ఆగస్టు 2. మధ్యలో ఈ జాబు గిడ్డమ్మత్త జాకెట్ గుడ్డల సంచిలో ఉండె. ఆమె కుట్టించుకోను వచ్చి, "ఏమ్మే, నాకు జాబు రాసినావా?" అనింది.

అన్నా,

నీ పుస్తకం అందింది. చదవను. దాని అట్ట మీద ఒక పిల్ల బొమ్మ ఉండాది, పలక పట్టుకొని. శ్రావణికిచ్చినా, ఆ బొమ్మకు మీసాలు పెట్టింది.

నువ్వు రాసిందాంట్లో సగం నిజం. మీ బావ గురించి రాసింది ముప్పాతిక నిజం. చదివి వినిపించినా, రెండు దినాలు నాతో మాట్లాడల్యా, ఆ రెండు దినాలు కాఫీ తనే పెట్టుకున్నాడు. దానికి నీకు దండం. కానీ ఆ సగం నిజం బద్ద మాదిరి పట్టుకొని నన్నే కొడతాండావే! నీకు చత్వారమొస్తే కళ్ళజోడు పెట్టుకున్నావు. కంపెనీవాడు అమ్ముకుంటాండాడని తీసి పారేసినావా? తాతలు కళ్ళజోడు లేకుండా బతకలేదా? బెంచీ తప్పుందంటావు. ఉండాది. బెంచీ మారేదాకా నా బిడ్డ యాడ కూర్చోవాల? చెప్పు. నీ సభల్లోనా?

నువ్వు మామూలుగానే ఉండేదానివి అని రాసినావు. ఆ ఒక్క వాక్యం దగ్గర శానాసేపు ఆగిపోయినా. నేను? మామూలుగా? బనగానపల్లె కాడ మన తోటలో మామిడికాయల గంప కాలవగట్టు మీద పెట్టి, తూనీగల వెంట పోయి, గంప సంగతి మరుసటి దినం చెప్పిన పిల్ల మామూలా? ఒక కాలికి చెప్పుతో బడికి పోయింది ఎవరు?

అన్నిటికన్నా పెద్దది నీకు తెలుసు. డాక్టరమ్మకు కూడా అదే మొదట చెప్పినా. ఏడో తరగతిలో, కర్నూల్లో ఆ ఆడపిల్లల హాస్టల్ బడికి అప్లికేషన్. హెడ్‌మాస్టర్ ప్రకాశం సారు నాకోసం తెప్పించినాడు. నేనే నింపినా. యాడో పారేసినా. ఇల్లంతా వెతికినారు, గడ్డివామి కూడా తీసి చూసినారు. నాకైతే నీ చేతికిచ్చినట్టు ఒక కల మాదిరి ఉండాది. నాయన నిన్ను అడిగినాడు, నువ్వు లేదన్నావు. నా గుర్తును నేనే నమ్మను, ఇంక నాయన ఎట్ల నమ్మాల? "కాగితం కాపాడుకోలేనిదానికి కర్నూల్లో చదువెందుకు" అన్నాడు. ఆ దినంతో నా చదువు సరి. ఆయన మీద నాకు కోపం ల్యా. పారేసుకుంది నేను గదా.

ఇంకొక మాట. డాక్టరమ్మ చెప్పింది, ఇది ఒక్కో ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఉంటాదంట. నువ్వు కూడా చూపించుకోరాదా? వదిన చెప్తాంటాది, మూడు గొడుగులు బస్సులో మరిచినావని. ఉంటే మాత్రం ఏమి, తప్పు ఎవరిదీ కాదంట. ఆ మాట వింటే శానా తేలికైతాది అన్నా, నిజంగా.

తనూజ

*

కర్నూలు,
ఆగస్టు 9

చెల్లీ,

నీ మాటే కానియ్యి. ఫారం నింపి పంపుతున్నాను. ప్రతి ప్రశ్నకూ 'ఎప్పుడూ లేదు' అని గుర్తు పెట్టాను. నీలో చిన్నప్పుడు ఏ లోపమూ లేదని కింద రాసి సంతకం చేశాను. ఇంతకంటే గౌరవంగా ఒక అన్న చెల్లెలి గురించి రాయలేడు. సంతోషపడు.

గొడుగుల విషయం వేరు. నా జ్ఞాపకశక్తికి ఏమీ కాలేదు.

— ఓబుళేశు

*

మైదుకూరు,
ఆగస్టు 20

ఓబుళేశు గారికి,

నిన్న కడపకు పోయొచ్చినా. డాక్టరమ్మ మీ ఫారం చూసి, నన్ను చూసి, మళ్ళీ ఫారం చూసింది. "మీ అన్నయ్య లెక్కన మీరు ఒక్క పెన్సిలు కూడా పారేసుకోని పిల్ల. ఇట్లాంటి పిల్ల లోకంలో ఉండదమ్మా," అనింది. నవ్వలేదు. ఇది తీసుకొని ఏమీ తేల్చలేను, ఇంకెవరైనా ఉన్నారా అని అడిగింది.

ఎవరున్నారు? ప్రకాశం సారు యాడుండాడో తెలీదు. నా పన్నెండేండ్లు ఇప్పుడు నీ ఒక్కని దగ్గరే ఉండాయి. ఆ ఇంట్లో నేను ఎట్ల నడిచినానో, ఏం విరగ్గొట్టినానో, ఎన్ని ముడులు వేసుకున్నానో చెప్పేకి ఈ భూమ్మీద ఇంకో మనిషి లేడు. అవి నావి. నువ్వు దాచిపెట్టుకుంటాండావు.

నాకు గౌరవం వద్దు. నువ్వు నన్ను దబాయించినప్పుడల్లా నేనే తప్పనుకొని తల వంచినా. చిన్నప్పుడు పరాకమ్మా అని పదిమందిలో పిలిచి, ఈ పొద్దు అట్లాంటిదేమీ లేదని సంతకం పెడతావా? రెండిట్లో ఏదో ఒకటి అబద్ధం. ఎందుకు చెప్తాండావు అన్నా? నేను పరాకుదాన్నే గాని, పిచ్చిదాన్ని కాదు.

ఖాళీ ఫారం మళ్ళా పెట్టినా.

తనూజ

*

కర్నూలు,
సెప్టెంబర్ 4

తనూజా,

ఫారం నింపాను. ఈసారి నిజం. గంప రాశాను. ఒక కాలి చెప్పు రాశాను. పరధ్యానంలో బర్రెకు బదులు దూడను తోలుకొచ్చిన సంగతి నీకు గుర్తుండదు, అదీ రాశాను. బడిలో కిటికీ పక్కన కూర్చోబెడితే సగం పాఠం, గోడ పక్కన కూర్చోబెడితే ముప్పాతిక పాఠం వినేదానివని ప్రకాశం సారు నాతో అన్నాడు, అది కూడా. రిబ్బన్ల ముడులు రాశాను. చోటు చాలక వెనక పేజీ మీద రాశాను.

అప్లికేషన్ సంగతి మాత్రం నీ లెక్కలో రాయలేదు. అది నువ్వు పారేసుకోలేదు.

నాకిచ్చావు. ఉగాది సెలవులకు వచ్చి కర్నూల్లో కాలేజీకి తిరిగిపోతుంటే బస్సు కాడికి పరిగెత్తుకొచ్చి ఇచ్చావు, "అన్నా, నా దగ్గరుంటే పోతాది, నువ్వే ఆఫీసులో ఇయ్యి" అని. పన్నెండేళ్ళ పిల్లకు తన సంగతి తనకు ఎంత బాగా తెలుసో చూడు. నాకు ఇరవై ఒకటి. విద్యార్థి నాయకుణ్ణి. సంచిలో కరపత్రాల కట్ట కింద పెట్టాను.

మరిచిపోయానని రాయడం సుళువు. నువ్వు దారి కూడా చూపించావు, ఇంట్లో ఇద్దరికి ముగ్గురికి ఉంటుందని. ఆ దారి నాకొద్దు. నేను మరిచిపోలేదు. రోజూ కరపత్రాలు తీసేటప్పుడు చేతికి తగిలేది. రేపు ఇద్దాంలే అనుకునేవాణ్ణి, ఎందుకంటే నాకు పెద్ద పనులున్నాయి. చివరి రోజు మా సభ. ఆడపిల్లల చదువు మీద నేను గంటసేపు మాట్లాడాను. జనం చప్పట్లు కొట్టారు. సంచి నా కాళ్ళ దగ్గరే ఉంది. ఆ గంటలోనే, నాలుగు వీధుల అవతల, ఆ ఆఫీసు తలుపు మూశారు.

ఇది కూడా చెప్పుకోగలిగే తప్పే. తర్వాత చేసింది చెప్పుకోలేనిది.

మూడు రోజుల తర్వాత ఇంటికొచ్చాను. వాకిట్లోనే ఎదురొచ్చావు. కుడి జడ రిబ్బన్ కొస చేతిలో పట్టుకొని, "అన్నా, ఈ ముడి దేనికి వేసుకున్నానో నీకేమన్నా తెలుసా? నాకు గుర్తు రాల్యా," అన్నావు. నాకు చూడగానే తెలిసింది. అన్నను అడగాల, కాగితం ఇచ్చినాడా అని. దానికే ఆ ముడి. ఎన్నిసార్లు బిగించావో, రాయి మాదిరి ఉంది.

"ఏమో పో, పరాకమ్మా" అన్నాను. అని ఊరుకోలేదు. నీ జడ దగ్గరకు లాక్కొని, పెన్ను మొనతో పొడిచి, గోళ్ళతో తీసి ఆ ముడి విప్పాను. నువ్వు "థాంక్సన్నా" అని ఎగురుకుంటూ పోయావు.

వారానికి నాయన అడిగాడు. లేదన్నాను. నువ్వు నా మొగం చూశావు. ఆ చూపులో అనుమానం నా మీద కాదు, నీ మీద నీకే. ఆ చూపు చూసి కూడా నోరు మూసుకున్నాను. నీకు ఆ పేరు లేకపోతే నా అబద్ధం ఒక్క పూట నిలబడేది కాదు. పేరు నేనే పెట్టాను, దాని వెనక నేనే దాక్కున్నాను. జూన్‌లో నీకు పేర్ల గురించి ఉపన్యాసం రాసింది ఈ మనిషే.

ముప్పై రెండేళ్ళలో నేను రాసిన ప్రతి వ్యాసంలో ఎవడో ఒక ముద్దాయి ఉన్నాడు. ప్రభుత్వం, బడి, కంపెనీ, తండ్రులు. వాళ్ళను వదిలిపెట్టమని ఇప్పుడూ అనను. ఆ బోనులో నేనెప్పుడూ నిలబడలేదు, అంతే.

ఆ అప్లికేషన్ చింపలేకపోయాను. దీంట్లో పెట్టాను. నీది.

క్షమించమని అడగడానికి నాకు మొగం లేదు.

ఓబుళేశు

*

మైదుకూరు,
సెప్టెంబర్ 15

అన్నకు,

నీ జాబు వచ్చిన దినం మిషన్ తొక్కల్యా. వదిన ఫోన్ చేసింది, నేను ఎత్తల్యా. ఎత్తింటే ఏమనేదాన్నో.

కడపలో పని అయింది. గంప, చెప్పు, దూడ, ముడులు, అన్నీ చదివింది డాక్టరమ్మ. అప్లికేషన్ లేకపోయినా అవే చాలంట. ఉండాదని తేల్చింది. మందు మొదలుపెట్టినాం, ఎట్లుంటాదో చూడాల. మీ బావ చీటీ చదివి, "అయితే పొగరు కాదా?" అన్నాడు. "పొగరు కూడా ఉండాది, అది వేరే" అన్నా.

అప్లికేషన్ చూసినా. ఒక్క గడి ఖాళీ ల్యా అన్నా. ఒక్క కొట్టివేత ల్యా. పుట్టిన తేదీ, ఊరు, తాలూకా, అన్నీ ముత్యాల మాదిరి. ఎంత ఆశతో కూర్చొని రాసిందో ఆ పిల్ల. ఆ పిల్లను నేను ముప్పై రెండేండ్లు తిట్టినా. పనికిమాలినదానా అని, దినమూ. నువ్వు ఒక్కసారి అబద్ధం చెప్పినావు. నేను దాన్ని దినమూ చెప్పుకున్నా.

శ్రావణిని కొట్టేటప్పుడు ఏమన్నానో రాయలేదు గదా మొదట. ఇప్పుడు రాస్తాండా. "నేను ఒక్క కాగితం పారేసుకొని ఈ మిషన్ కాడ కూలబడినానే, నువ్వూ ఇట్లే కూలబడు, సావు" అన్నా. ఒక్కో మాటకు ఒక్కో దెబ్బ. వీపున బద్ద అచ్చులు నాలుగు దినాలుండె. ఆ కాగితం నేను పారేసుకోల్యా. మరి ఆ దెబ్బలు ఎవరివి? లెక్క తేలక శానా ఆలోచన చేసినా. సగం నీవి. సగం నావి, చెయ్యి నాది గాబట్టి. నువ్వు చెప్పినావని నా సగం నేను దించుకోను. దానికి ఏ డాక్టరూ చీటీ రాయదు.

క్షమించేది ఇప్పుడు నాకు రాదు. రాకపోవచ్చు కూడా. అడగలేదు గాబట్టి ఆ బాధ తప్పింది.

ఆదివారం రా. నేను శ్రావణికి నా సగం చెప్పేసినా. "మీ మామ సగం మామే చెప్పాల" అన్నా. దాని ముందు కూర్చొని, ఆ సంచి సంగతి, ఆ ముడి సంగతి నీ నోటితో చెప్పు. ఉపన్యాసం వద్దు. సమాజం గురించి వద్దు. పుస్తకాలు తేవొద్దు. చెప్పినాక అది ఏమన్నా అంటే విను.

కొంగుకు ముడి వేసుకున్నా. ఈసారి దేనికో గోడ మీద సుద్దతో రాసిపెట్టినా: ఓబుళేశన్న, ఆదివారం, శ్రావణికి చెప్పాల. వచ్చినాక ముడి నేనే విప్పుకుంటా. నువ్వు తాకొద్దు.

తనూజ